నదికి ఇరుగట్లా ఒకే పరిశోధన: మూడు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లకు వినతిపత్రం

స్థలం: కర్నూలు

గౌరవనీయులైన
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షులు గారికి,
తెలంగాణ ఉన్నత విద్యా మండలి అధ్యక్షులు గారికి,
కర్ణాటక రాష్ట్ర ఉన్నత విద్యా పరిషత్తు బాధ్యులు గారికి,

విషయం: తుంగభద్ర, కృష్ణా తీర జిల్లాల విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి పరిశోధనా మండలి ఏర్పాటు చేయడం, సమాచారం, ప్రయోగశాలలు, పర్యవేక్షకులు, నిధులు పంచుకునే వీలు కల్పించడం గురించి.

అయ్యా, అమ్మా,

మేము తుంగభద్ర, కృష్ణా తీర జిల్లాల విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్న, పరిశోధన చేస్తున్న వాళ్లం. మాతోపాటు ఆ రెండు నదుల నడుమ ఉన్న నడిగడ్డ రైతులు, కర్నూలు పడమటి మండలాల రైతులు, రాయచూరు వైపు మిత్రులు కొందరు ఈ కాగితం మీద సంతకాలు పెట్టారు. మేము అడుగుతున్నది కొత్త విశ్వవిద్యాలయం కాదు, కొత్త భవనమూ కాదు. ఉన్నవి కలిసి పనిచేయడానికి దారి అడుగుతున్నాం.

కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం, రాయచూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, మూడింటికీ పుట్టిన సంవత్సరం 2008. బళ్లారిలోని విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 2010లో వచ్చింది. మొదటి రెండింటినీ పెట్టింది ఒకే ప్రభుత్వం. నాలుగింటి చుట్టూ అవే ఎర్రనేలలు, అవే నల్లరేగళ్లు, అదే కరువు, అవే నదులు. అయినా మా పరిశోధన రాష్ట్ర సరిహద్దు దగ్గరికి రాగానే ఆగిపోతోంది. పుల్లూరు టోల్‌గేటు దాటి లారీలు పోతాయి, పత్తి పోతుంది, కూలీలు పోతారు. నీటి నమూనా సీసా ఒకటి దాటించి అవతలి ప్రయోగశాలలో పరీక్ష చేయించాలంటే మాత్రం నెలల తరబడి ఉత్తరాలు నడపాలి.

నీళ్ల విషయంలో పెద్దలు ముందుచూపుతోనే ఉన్నారు. తుంగభద్ర డ్యాంను హైదరాబాద్, మద్రాస్ ప్రభుత్వాలు కలిసి కట్టాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రాన్ని ఏర్పరచిన చట్టం కిందే తుంగభద్ర బోర్డు వచ్చింది. 2014 విభజన చట్టం కృష్ణా నదీ యాజమాన్య బోర్డును పెట్టింది. ఆ బోర్డుల్లో తగాదాలు లేవని ఎవరూ అనరు. కానీ తగాదా పడటానికైనా అందరూ చుట్టూ కూర్చునే బల్ల ఒకటి ఉంది. ఆ నీళ్ల మీద, అవి పారే నేల మీద, ఆ నేలను నమ్ముకున్న మనుషుల మీద పరిశోధన చేసేవాళ్లకు అలాంటి బల్ల లేదు. మా వినతి అంతా ఆ బల్ల కోసమే.

బల్ల లేకపోతే ఏమవుతుందో 2009లో చూశాం. ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. జనం మిద్దెల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అలంపురం మునిగింది, మంత్రాలయం మునిగింది, ఎగువన రాయచూరు పల్లెలూ మునిగాయి. 19 లక్షల క్యూసెక్కుల వరద వస్తుందనుకుని కట్టిన శ్రీశైలం ప్రాజెక్టుకు 25 లక్షలకు పైగా వచ్చిపడింది. ఎగువన ఎంత వాన పడింది, ఏ వాగు ఎప్పుడు పొంగింది, వెనుకజలాలు ఎక్కడిదాకా తన్నాయి, ఊళ్లో నీళ్లు ఏ వీధిలో ఎంతసేపు నిలిచాయి: ఇవన్నీ ఒకే కథలోని ముక్కలు. ఎగువ ముక్క ఒక రాష్ట్రంలో ఉంది, కింది ముక్క ఇంకో రాష్ట్రంలో ఉంది. ఇవన్నీ కలిపి చూసిన ఉమ్మడి అధ్యయనం ఏదీ మా నాలుగు విశ్వవిద్యాలయాల నుంచి రాలేదు. మా అశక్తతను మేమే ఒప్పుకోవాలి గానీ, దానికి వ్యవస్థ ఏ సాయమూ చేయలేదన్నది కూడా నిజం.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వది కొట్టుకుపోయింది. స్టాప్‌లాగ్ దించే దాకా ఒక వారం పాటు మూడు రాష్ట్రాల రైతులు టీవీల ముందు కూర్చున్నారు. గేట్లు ఇంజినీర్ల పని, అందులో మేము వేలు పెట్టం. కానీ ఆ జలాశయం 133 టీఎంసీల దగ్గర మొదలై ఇప్పుడు 105 టీఎంసీల చుట్టుపక్కల ఉంది. మిగతాది పూడిక. ఆ మట్టి ఏ కొండల నుంచి వస్తోంది, ఏ గనుల నుంచి వస్తోంది, అందులో ఇనుము ఎంత, దాన్ని పొలాలకు తోలితే పంటకు మేలా కీడా అన్నవి విశ్వవిద్యాలయాలు చెప్పాల్సిన సంగతులు. బళ్లారి వాళ్లకు గనులు దగ్గర, కర్నూలు వాళ్లకు కె.సి. కాలువ ఆయకట్టు దగ్గర, నడిగడ్డ వాళ్లకు రాజోలిబండ కాలువ చివరి భూములు దగ్గర. ముగ్గురూ కలవకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. రాజోలిబండ ఆనకట్ట రాయచూరు జిల్లాలో ఉంది, దాని కింద తెలంగాణకు 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది. కాలువ చివరి రైతుకు నీళ్లు ఎందుకు అందడం లేదో చెప్పాలంటే కాలువ మొదట్లో నిలబడి కొలవాలి. మొదలు ఒక రాష్ట్రం, చివర ఇంకో రాష్ట్రం.

అందుకే సమాచారం గురించే ముందుగా అడుగుతున్నాం. మాలో ఒక పరిశోధక విద్యార్థి బోరుబావుల నీటిమట్టాల లెక్కల కోసం నదికి అవతల ఉన్న ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లింది. మీ రాష్ట్రం నుంచి లెటర్ పట్టుకురమ్మన్నారు. తెచ్చింది. రిజిస్ట్రారు సంతకం కాదు, శాఖ కార్యదర్శి సంతకం కావాలన్నారు. అదీ తెచ్చింది. చివరికి హెడ్డాఫీసులో అడగమన్నారు. ఆ లెక్కలేమీ రహస్యం కాదు, కొన్ని పాత నివేదికల్లో అచ్చయి కూడా ఉన్నాయి. ఆమె విసిగి తన సిద్ధాంత గ్రంథాన్ని నది దాకానే రాసి ముగించింది. భూగర్భంలో గ్రానైటు పగుళ్లకు మాత్రం నది దగ్గర ఆగాలన్న నియమం లేదు. ఆ పటం సగం ఖాళీగా అచ్చయింది.

అధికారుల భయం మాకు అర్థమవుతుంది. కృష్ణా జలాల పంపకం ట్రిబ్యునల్ ముందు ఉంది. ఇవాళ ఇచ్చిన అంకె రేపు అవతలి వకీలు చేతిలో ఉంటుందేమోనని ఎవరైనా జంకుతారు. కాబట్టి అన్నీ ఇవ్వమని అడగడం లేదు. వాటాలకు సంబంధించిన రోజువారీ విడుదల లెక్కలు పక్కన పెట్టండి. భూగర్భ జలమట్టాలు, నీటి నాణ్యత, వర్షపాతం, పూడిక, నేల పరీక్షలు, పంటల విస్తీర్ణం, వ్యాధుల లెక్కలు, వీటిలో రెండేళ్లకు పైబడిన సమాచారాన్ని సభ్య విశ్వవిద్యాలయాల్లో ఎవరడిగినా తమ సొంత రాష్ట్రపు పరిశోధకుడికి ఇచ్చినట్టే ఇవ్వాలని మూడు ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇచ్చేలా మీరు చూడాలి. అడిగిన నెల రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక వ్యవసాయం. నంద్యాల పరిశోధనా స్థానం 1906 నాటిది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ఇంకొకటి ఉంది. 2014 దాకా రెండూ ఒకే విశ్వవిద్యాలయం కింద నడిచాయి. నంద్యాల శాస్త్రవేత్త పాలెం వెళ్లి చేలు చూసి రావడానికి టూర్ ప్రోగ్రాం ఆమోదిస్తే సరిపోయేది. ఇప్పుడు నంద్యాల ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం కిందికి, పాలెం ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం కిందికి పోయాయి. పాలెంలో తయారైన క్రాంతి ఆముదం రకానికి ఏ రాష్ట్రంలో మొలవాలో తెలియదు గనుక అది రెండు వైపులా మొలుస్తూనే ఉంది. దాని మీద పడే బూజు తెగులుకూ సరిహద్దు తెలియదు. ఒకే పురుగు మీద, ఒకే తెగులు మీద రెండు చోట్ల రెండు బడ్జెట్లతో రెండు ప్రయోగాలు జరగడం ఎవరికి లాభం?

పత్తి విత్తనం సంగతి ఇంకా దగ్గరగా చూడండి. గద్వాల చుట్టూ విత్తన పత్తి పొలంలోకి మధ్యాహ్నం పోతే, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి గోటితో పైరేకులు, కేసరాలు గిల్లి, ఎర్రకాగితం గుర్తు పెట్టుకుంటూ వరసలో ముందుకు కదిలే ఆడవాళ్లు కనిపిస్తారు. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఆ మొగ్గల మీద రాస్తారు. దీన్నే క్రాసింగ్ అంటారు. వందల మొగ్గలు, వంగిన నడుములు, ఆకుల మీద ముందురోజు కొట్టిన మందు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపూ ఇదే సాగు, ఇదే పని. బడికి పోవాల్సిన పిల్లలను ఈ పనిలో పెట్టడం గురించి దేశం బయట కూడా చర్చ జరిగింది. ఈ కూలీల చర్మం, ఊపిరితిత్తులు, గర్భిణుల ఆరోగ్యం మీద ఏళ్ల తరబడి సాగే అధ్యయనం కావాలి. కూలీలు సీజనును బట్టి ఇటూ అటూ తిరుగుతారు. ఒక్క రాష్ట్రంలో కూర్చుని వాళ్లను అనుసరించడం కుదరదు. కర్నూలు వైద్య కళాశాల, మహబూబ్‌నగర్ వైద్య కళాశాల, మా సామాజిక శాస్త్ర విభాగాలు కలిస్తేనే ఆ పని అవుతుంది.

వలసదీ అదే తీరు. సుగ్గి పనులకు పోయిన కర్నూలు జిల్లా కోసిగి కుటుంబం, గుళె (కూలికి వలస) పోయిన రాయచూరు కుటుంబం, ముంబై పోయిన పాలమూరు కుటుంబం. మూడు ఇళ్లకూ ఒకే నెలలో తాళాలు పడతాయి. సర్వేలు మాత్రం వేర్వేరు ప్రశ్నపత్రాలతో, వేర్వేరు ఏడాదుల్లో జరుగుతాయి. ఒక దాని పక్కన ఇంకొకటి పెట్టి చూసే వీలే ఉండదు. ఉమ్మడి ప్రశ్నపత్రం ఒకటి తయారు చేసుకోవడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి, అంతే.

నల్లమలలో అయితే నది మధ్యలో ఉంది. ఇటు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, అటు అమ్రాబాద్. రెండు వైపులా చెంచులే. బంధుత్వాలు కలిసినవాళ్లే. పులి కృష్ణను ఈదగలదు. మా విద్యార్థికి మాత్రం రెండు అటవీ శాఖల నుంచి రెండు అనుమతులు కావాలి, ఒకటి వచ్చేసరికి ఇంకొకదాని గడువు అయిపోతుంది. సభ్య విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఒకే దరఖాస్తుతో రెండు వైపులా వర్తించే అనుమతి ఇచ్చే ఏర్పాటు కావాలి. చెంచుల మీద చేసే ఏ అధ్యయనమైనా ముందు ఆ గూడెం ఒప్పుకోవాలన్న నిబంధనను కూడా అందులోనే చేర్చండి. ఒకే గూడేనికి మూడు విశ్వవిద్యాలయాల నుంచి మూడు బృందాలు వెళ్లి, అవే ప్రశ్నలు అడిగి, ఫొటోలు తీసుకుని పోవడం వాళ్లకు విసుగు పుట్టిస్తోంది. ఉమ్మడి మండలి ఉంటే ఆ బెడదైనా కొంత తగ్గుతుంది.

చరిత్ర, పురావస్తు విభాగాల వాళ్లం కూడా ఇందులో ఉన్నాం. అశోకుడి శాసనాలు 1915లో రాయచూరు జిల్లా మస్కిలో దొరికాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, రాజుల మందగిరిలో ఉన్నాయి. బళ్లారి వైపు నిట్టూరు, ఉదెగోళంలో ఉన్నాయి. బస్సులో తిరిగినా రెండు మూడు రోజుల్లో అన్నీ చూడొచ్చు. ఎం.ఏ. విద్యార్థులకు అన్నిటినీ కలిపి చూపించే క్షేత్ర పర్యటన ఏ సిలబస్‌లోనూ లేదు. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల కింద పేలినప్పుడు వచ్చి పడిన బూడిద పొర ఉంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఆ పరిశోధన 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది, కేంబ్రిడ్జ్ వాళ్లు, ధార్వాడ్ కర్ణాటక్ విశ్వవిద్యాలయం వాళ్లు ముందుండి నడిపారు. వాళ్లు చేసినందుకు సంతోషమే. ఊరివాళ్లకు ఆ బూడిద అప్పటిదాకా తవ్వి అమ్ముకునే సరుకు. పక్క జిల్లాల్లో చదువుకున్న పిల్లలు అలాంటి తవ్వకాల్లో చేయి వేసే రోజు రావాలంటే ధార్వాడ్‌లో ఉన్న నైపుణ్యం కర్నూలుకూ మహబూబ్‌నగర్‌కూ చేరే దారి ఉండాలి.

శ్రీశైలం ముంపు మరో సంగతి. 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు నీళ్లపాలయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గుడిని తెచ్చారు, మనుషులు ఎటు పోయారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఇంకో పదేళ్లు ఆగితే లాభం లేదు. ఉమ్మడి మండలి పెట్టాక మొదట చేపట్టాల్సిన పని ఇదేనని మాలో చాలామంది అభిప్రాయం. దీనికి యంత్రాలు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

పీహెచ్‌డీల గురించి. యూజీసీ 2022 నిబంధనలు ఇతర సంస్థల నుంచి సహ పర్యవేక్షకుణ్ని పెట్టుకోవడానికి ఒప్పుకుంటున్నాయి. విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఆ ఫైలు ముందుకు కదలదు. ఒక విభాగంలో ఒక్కరిద్దరే రెగ్యులర్ అధ్యాపకులు మిగిలిన చోట్ల సహ పర్యవేక్షణ విద్యార్థికి విలాసం కాదు, చదువు నిలబడటానికి ఆధారం. సభ్య విశ్వవిద్యాలయాల అధ్యాపకులందరినీ పరస్పరం అర్హులైన సహ పర్యవేక్షకులుగా గుర్తిస్తూ ఒకే ఉత్తర్వు ఇవ్వండి. కొత్త అంశం నమోదు చేసే ముందు మిగతా విశ్వవిద్యాలయాల జాబితా కూడా చూడాలన్న నియమం పెట్టండి. సిద్ధాంత గ్రంథాలు పూర్తయ్యాక శోధ్‌గంగలో కనబడతాయి, నిజమే. మొదలుపెట్టేటప్పుడు పక్కవాడు ఏం చేస్తున్నాడో కనబడాలి.

పాత ప్రవేశాల కోటాలను కొనసాగించడానికి విభజన చట్టంలోని 95వ సెక్షన్ ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అలంపురం పిల్లవాడికి కర్నూలు కూతవేటు దూరం, మహబూబ్‌నగర్ వంద కిలోమీటర్లకు పైమాట. డిగ్రీ సీట్ల రాజకీయం జోలికి మేము పోవడం లేదు. పరిశోధనలో మాత్రం ప్రతి విభాగంలోనూ ఒకటి రెండు అదనపు సీట్లు సరిహద్దుకు అవతలి జిల్లాల విద్యార్థులకు కేటాయించాలి. అవి స్థానికుల కోటాలోంచి తీసి ఇవ్వనక్కర్లేదు.

పరికరాల గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. ఒక చోట ఉన్న ఖరీదైన యంత్రం నెలలో సగం రోజులు ఖాళీగా ఉంటుంది, ఇంకో చోట విద్యార్థి చేతి డబ్బులతో ప్రైవేటు ల్యాబుకు నమూనాలు పంపుతాడు. సభ్యుల పరికరాల జాబితా అందరికీ తెలియాలి. సొంత విద్యార్థికి ఏ రుసుమో పొరుగు విద్యార్థికీ అదే రుసుము ఉండాలి.

నిధుల దగ్గర కొంచెం నిష్ఠూరమాడక తప్పదు. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థ చిన్న విశ్వవిద్యాలయాలను పెద్ద సంస్థలకు జత చేసే పథకాలు పెట్టింది. మంచిదే. కానీ అందులో పెద్ద సంస్థ చక్రానికి కుండ, మేమంతా ఆకులం. ప్రతి ఆకూ కుండకు తగులుతుంది గానీ పక్క ఆకుకు తగలదు. కర్నూలు నుంచి హైదరాబాద్‌కూ, రాయచూరు నుంచి బెంగళూరుకూ దారి పడుతుంది, కర్నూలు నుంచి రాయచూరుకు మాత్రం పడదు. మూడు రాష్ట్రాలూ తలా రెండు కోట్ల చొప్పున ఏడాదికి ఆరు కోట్లతో ఒక నిధి పెట్టాలని కోరుతున్నాం. కనీసం రెండు రాష్ట్రాల పరిశోధకులు కలిసి చేసే పనికే అందులోంచి ఇవ్వాలి. పెద్ద సంస్థలు సలహాదారులుగా రావచ్చు, నిధి వాళ్ల చేతుల మీదుగా పోకూడదు.

ఆ నిధితో వచ్చిన ప్రతి ఫలితాన్నీ నాలుగు పేజీల్లో తెలుగులో, కన్నడలో రాసి ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలకు, తెలంగాణలో రైతు వేదికలకు, కర్ణాటకలో రైతు సంపర్క కేంద్రాలకు పంపాలి. అది పంపితేనే చివరి విడత డబ్బు విడుదల చేయండి. ఈ షరతు మా సంతకందారుల్లో ఉన్న రైతులు పెట్టింది. మాలో కొందరు మొదట గునిశారు, తర్వాత ఒప్పుకున్నారు.

ఇదంతా అవగాహన ఒప్పందాలతో సరిపెడదామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. అలాంటి ఒప్పందాల ఫొటోలు మా దగ్గర చాలా ఉన్నాయి. శాలువాలు, జ్ఞాపికలు, మర్నాటి జిల్లా ఎడిషన్లో వార్త, అంతటితో సరి. మాకు కావాల్సింది చట్టబద్ధమైన మండలి. దాని అధ్యక్ష పదవి ఏడాదికొక రాష్ట్రానికి మారాలి. చిన్నదైనా సొంత కార్యాలయం, ఒక పూర్తికాలపు కార్యదర్శి ఉండాలి. పరిశోధక విద్యార్థుల ప్రతినిధులు, రైతు ప్రతినిధులు సభ్యులుగా ఉండాలి. ఇది కొత్త ఊహేమీ కాదు. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో ఆంధ్రప్రదేశ్ పెట్టినప్పుడు కర్ణాటక, తమిళనాడు, కేరళ చేయి కలిపాయి. భాషల కోసం కలిసిన ప్రభుత్వాలు నదుల కోసం కలవడానికి అడ్డేమిటో మాకు కనబడటం లేదు.

వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా మూడు మండళ్ల అధికారులు, నాలుగు విశ్వవిద్యాలయాల ఉపకులపతులు, మా ప్రతినిధులు కలిసి ఒక సమావేశం జరపాలి. రాజధానుల్లో వద్దు, అలంపురంలో పెట్టండి. అటు కర్నూలు, ఇటు గద్వాల, పడమటికి రాయచూరు, అందరికీ ఒక్క పూట ప్రయాణం. ముసాయిదా నిబంధనలు మేము తయారు చేసి ఈ వినతిపత్రానికి జతచేశాం. సమావేశం తేదీని ముప్పై రోజుల్లో మాకు తెలియజేయాలని కోరుతున్నాం. సమాచార మార్పిడి ఉత్తర్వు, సహ పర్యవేక్షణ ఉత్తర్వు రెండింటికీ డబ్బు అక్కర్లేదు గనుక మండలి ఏర్పడేదాకా ఆగకుండా ముందే ఇవ్వాలి.

ఇట్లు,
తుంగభద్ర, కృష్ణా తీర విశ్వవిద్యాలయాల అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు,
నడిగడ్డ, కర్నూలు, రాయచూరు రైతులు
(సంతకాలు జతచేయడమైనది)

ప్రతులు: విశ్వవిద్యాలయాల నిధుల సంఘం కార్యదర్శి గారికి, నాలుగు విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, కర్నూలు, నంద్యాల, జోగులాంబ గద్వాల, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, రాయచూరు, బళ్లారి జిల్లాల కలెక్టర్లకు.